మేస్త్రికి పనికొచ్చే బహుమతి

ఆ ఇంటి ఇల్లాలు పొద్దున్నే “కాఫీ!” అని ఒక్క కేక వేసిందంటే, నాలుగిళ్ల అవతల నిద్రపోతున్నవాళ్లు కూడా లేచి తమ తమ గ్లాసులు కడుక్కునేవారని వీధిలో చెప్పుకునేవారు. అందులో ఆవిడ తప్పేమీ లేదు. ఆవిడ పని ఆస్పత్రి లాండ్రీలో. అక్కడ గదులంతేసి మిషన్లు మరకల దుప్పట్లను తిప్పుతూ పొద్దస్తమానం రంకెలు వేస్తాయి. పక్కనున్న మనిషిని సబ్బు అడగాలన్నా కేకే, కష్టం చెప్పుకోవాలన్నా కేకే. అలా అరిచి అరిచి, మెల్లగా మాట్లాడటమనే విద్య ఆవిడకు పూర్తిగా మరుపున పడిపోయింది.

ఆవిడ భర్తను అందరూ మేస్త్రి అంటారు. గుద్దుకొచ్చిన కార్లకు సొట్టలు తీసే షెడ్డులో ఆయనది పెద్ద చెయ్యి. ఉండచుట్టిన కాగితంలా వచ్చిన కారును సుత్తితో సాపు చేసి ఇస్తే, కారుగలాయన వచ్చి “ఇది నాది కాదయ్యా, నాది ఇంత బాగుండేది కాదు” అని గొడవకు దిగేవాడట. వారమంతా ఇనుము మీద సుత్తి, ఆదివారం చర్చిలో డ్రమ్ముల మీద పుల్లలు. ఆ చేతికి దెబ్బ తప్ప ఇంకో భాష రాదు.

ఇక మేస్త్రి తల్లి, ఆ ఇంటి నాయనమ్మ, గొంతు దీనికంతటికీ తలకిందులు. ఆవిడ మాట్లాడితే దోమ కూడా ఆగి “ఏంటవ్వా?” అని అడగాలి. ఆ రోజు పొద్దున మేస్త్రి కాఫీ తాగి, చెప్పులేసుకుని వీధి గుమ్మం వైపు తిరిగాక ఆవిడ మంచం మీంచి పిలిచింది.

“ఒరేయ్, సాయంత్రం వచ్చేటప్పుడు నా కళ్లజోడు తెచ్చిపెట్టరా. కొట్టువాడు అద్దం బిగించి ఉంటాడు.”

“సరేనమ్మా, తిన్నాను” అంటూ ఆయన ఓసారి వెనక్కి చూసి గుమ్మం దాటేశాడు.

“తిన్నాడట! నా కళ్లజోడు తిన్నాడు” అంది ముసలమ్మ గోడతో. “కన్నతల్లి మాటంటే అంత లోకువ.”

ఇల్లాలు గిన్నె కిందపెట్టి కూతురి వైపు తిరిగింది. “ఏమే, క్రిస్మస్ ముంచుకొస్తోంది. ఈసారి మీ నాన్నకి ఏం కొందాం?”

కూతురు అద్దం ముందు నిలబడి జడ బిగించుకుంటోంది. ఆమె పని ఆడవాళ్లకు జుట్టు కత్తిరించే దుకాణంలో. శనివారం సాయంత్రాలు మాత్రం డాన్సు హాల్లో డ్రమ్ములు వాయిస్తుంది. “డ్రమ్ము బొమ్మ తప్ప ఏదైనా కొను” అంది.

ఆ మాటకు అర్థం తెలియాలంటే ఆ ఇల్లు చూడాలి. డ్రమ్ములు వాయించేవాడని తెలిసిన ప్రతి చుట్టమూ ప్రతి క్రిస్మస్‌కూ ఆయనకు డ్రమ్ము ఆకారంలో ఏదో ఒకటి తెచ్చి ఇస్తూ వచ్చాడు. డ్రమ్ము గడియారం, డ్రమ్ము దీపం, ఉప్పు పోసుకునే డ్రమ్ము, డ్రమ్ముల బొమ్మలున్న మేజోళ్లు. ఒకాయన డ్రమ్ము లాంటి స్టూలు ఇస్తే, దాని మీద కూర్చున్న మొదటి చుట్టం నేరుగా నేలమీదికి దిగిపోయాడు. ఆ ఇంట్లో ఆయనకు పనికొచ్చిన డ్రమ్ము ఒక్కటే, వెనక గదిలో ఉన్న అసలుది.

“చేపలు పట్టేవాడికి చేప బొమ్మ ఇస్తే కడుపు నిండుతుందా?” అంది నాయనమ్మ. “పనికొచ్చేది కొనండి.”

“అదే నేనూ అనేది” అంది కూతురు. “అమ్మా, చర్చిలో వేదిక చూశావా, చెక్క ఎంత నున్నగా ఉంటుందో? నాన్న కాలితో ఒక్క తొక్కు తొక్కితే పెద్ద డ్రమ్ము ముందుకి జారిపోతుంది. పోయిన క్రిస్మస్ పాట మొదలైనప్పుడు గోడ దగ్గరుంది, పాట అయ్యేసరికి పాస్టరుగారి ఒళ్లోకి వచ్చింది. కింద వేసుకోవడానికి మందపాటి తివాచీ ఒకటి కావాలి, అడుగున రబ్బరున్నది. ఇంకోటి, ఆ కూర్చునే పీట. వట్టి చెక్క. నడుం ఏమవుతుంది చెప్పు?”

“ఆ వట్టికాళ్లొకటి!” అంది తల్లి. “చలికాలంలో కూడా చెప్పులు విప్పేసి కూర్చుంటారు. మడమలు చూడు, ఎండిన చెరువులా బీటలిచ్చాయి. నేను బూట్లు కొంటా. మందంగా, వెచ్చగా.”

తర్వాత ఇల్లాలు కూతురి మొహంలోకి చూసింది. “మీ ఇద్దరికీ మాటల్లేవు కదే. నీకెందుకంత పట్టింపు?”

కూతురి చేతులు జడ మీదే ఆగిపోయాయి. డ్రమ్ము అందకపోతే కింద దిండ్లు వేసి మరీ కూర్చోబెట్టి ఆమెకు పుల్లలు పట్టడం నేర్పింది ఆ నాన్నే. తప్పు వాయిస్తే తిట్టేవాడు, ఒప్పు వాయిస్తే ఇంకా ఎక్కువ తిట్టేవాడు. అలాంటిది కొన్నేళ్ల కిందట ఒక ఆదివారం, ఆమె వెనక గదిలో కష్టపడి సాధించిన కొత్త వరస వాయిస్తుంటే, చూస్తూ చూస్తూ లేచి బయటికి నడిచాడు. ఆనాటినుంచి తిట్టూ లేదు, మెచ్చుకోలూ లేదు. చర్చిలో ఒక్క ఆదివారం వాయిస్తానని అడిగితే, “నా చేతులు పడిపోయేదాకా ఆ పీట మీద ఇంకెవరూ కూర్చోరు” అన్నాడు.

“ఒక్కసారి నా వాయింపు విని, బాగుందో చెత్తగా ఉందో చెప్తే చాలమ్మా” అంది కూతురు. “డ్రమ్ములవాడికి ఏం కావాలో నాకు తెలుసని ఈ బహుమతి చూసైనా అనుకుంటాడేమో. అనుకుంటే, ఓ పూట కూర్చుని వింటాడేమో.”

తల్లీకూతుళ్లు వాయిద్యాల దుకాణానికి వెళ్లారు. ఇల్లాలు గడపలో నిలబడి “తివాచీ ఉందా?” అని అడిగితే గోడకు వేలాడుతున్న గిటార్ల తీగలన్నీ ఒక్కసారి మోగాయట. దుకాణాయన బెదిరిపోయి, ఉన్నవాటిలోకెల్లా మందపాటిది తీసి పరిచాడు. కాలు పెడితే మడమ మునిగిపోయేంత మందం. పీట కూడా అలాంటిదే, మూడు వేళ్ల ఎత్తు మెత్త, కాళ్లకు రబ్బరు తొడుగులు. పక్క దుకాణంలో బూట్లు తీసుకున్నారు. వాటి అడుగు ఎంత లావంటే, వేసుకున్నవాడికి భూమితో చుట్టరికం తెగిపోతుంది.

క్రిస్మస్ ముందు రోజు మధ్యాహ్నం, చర్చికి వెళ్లకముందే బహుమతులు విప్పడం ఆ ఇంటి పద్ధతి. ముగ్గురు ఆడవాళ్లూ కళ్లు పెద్దవి చేసుకుని చూస్తుంటే మేస్త్రి ఒక్కొక్కటే విప్పాడు. తివాచీ చూశాడు. పీట చూశాడు. బూట్లు చేతిలోకి తీసుకుని, అడుగు భాగాన్ని బొటనవేలితో నొక్కి చూశాడు. సొట్టపడిన రేకును చూసేటప్పుడు కూడా ఆయన మొహం అంత దిగాలుగా ఉండదు.

“ఎలా ఉన్నాయి?” అంది భార్య.

“బాగున్నాయి. మరీ బాగున్నాయి. ఇంత మంచివి నేలమీద వేసి తొక్కడమెందుకు? బీరువాలో పెడదాం.”

“తివాచీ బీరువాలో పెడతారా! వాడుకోవడానికే కొన్నాం. ఇవాళే వెయ్యాలి. నేనే తీసుకెళ్లి పరిచేసి వస్తా.”

“కొత్త పీట… ఎత్తు కుదరదేమోనే. పండగ పూట ఎందుకు, తర్వాత చూద్దాం.”

“ఎత్తు నేను కొలిచే తెచ్చాను నాన్నా” అంది కూతురు ఎదురుగా నిలబడి.

మేస్త్రి కూతుర్ని చూశాడు. తర్వాత జేబులోంచి చిన్న పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టాడు. “ఇది నీకు.”

ఎన్నో ఏళ్లకు నాన్న తన చేత్తో ఇచ్చిన బహుమతి. కూతురు ఆత్రంగా కాగితం చింపింది. లోపల రెండు బుల్లి రబ్బరు బిరడాలున్నాయి, చప్పుడు వినబడకుండా చెవుల్లో పెట్టుకునేవి.

“రోజూ పెట్టుకో” అన్నాడు ఆయన.

కూతురి మొహం మాడిపోయింది. “అంటే నా వాయింపు నా చెవులకే పడకూడదన్నమాట. అంత ఘోరంగా ఉందన్నమాట.” ఆ మాటలు ఆమె తల వంచుకుని, పొట్లంతో అంది. మేస్త్రి “ఆఁ” అని తలూపాడు. ఆమె పొట్లాన్ని బల్ల మీద పడేసి వెనక గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

“తండ్రివా, తద్దినానివా!” అంది నాయనమ్మ. ఆయన దానికీ తలూపాడు.

సాయంత్రం చర్చి కిటకిటలాడింది. ఇల్లాలు ముందే వెళ్లి వేదిక మీద తివాచీ పరిచి, దాని మీద డ్రమ్ములన్నీ సర్ది, పాత చెక్క పీటను వెనక సామాన్ల గదిలో పారేసి వచ్చింది. మేస్త్రి బూట్ల తాళ్లు కూడా ఆవిడే బిగించింది. ఉరికంబం ఎక్కేవాడైనా కాస్త హుషారుగా నడుస్తాడు, ఆయన అంతకన్నా నీరసంగా నడిచి వెళ్లి మెత్తటి పీట మీద కూర్చున్నాడు. కూతురు వెనక వరసలో చేతులు కట్టుకుని నిలబడింది.

మొదటి పాటలు ఎలాగో గడిచాయి. మేస్త్రి చూపు పాటల మాస్టారి గడ్డం మీంచి పక్కకు కదల్లేదు. పాడేవాళ్లందరినీ నడిపించే ఆ మాస్టారికి గడ్డం ఎగరేస్తూ పాడే అలవాటు. అయినా దరువు అక్కడక్కడ వెనకబడింది. గిటారు కుర్రాడు తిరిగి తిరిగి చూశాడు. “కొత్త పీట, కుదురుకుంటారు” అని ఇల్లాలు పక్కావిడకు చెప్తే చర్చి అంతా విన్నది.

ఆ తర్వాత కొవ్వొత్తుల పాట. ఏటా ఆ పాటకు దీపాలన్నీ ఆర్పేస్తారు. చీకట్లో మెల్లగా మొదలై, ఒక్కొక్క కొవ్వొత్తీ వెలుగుతూ, చివరికి దరువు పూర్తిగా ఆగిపోయి, నిశ్శబ్దంలో పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టాలి. దీపాలు ఆరాయి. పాట సాగింది. వెలుగు వెనక వరసల నుంచి ముందుకు పాకింది. పాట ఆగింది. గిటారు ఆగింది. అందరూ తలలు వంచారు.

డ్రమ్ములు ఆగలేదు.

చీకట్లో మేస్త్రి వాయిస్తూనే ఉన్నాడు. మొదట అందరూ ఇప్పుడు ఆపుతాడు, ఇప్పుడు ఆపుతాడు అనుకున్నారు. పాస్టరుగారు “పరలోకమందున్న…” అని మొదలుపెట్టి ఆగిపోయారు. మళ్లీ మొదలుపెట్టారు. దరువు ఇంకా పెరిగింది. పాట పతాక స్థాయికి వెళ్లే చోటు తన మనసులో వచ్చిందేమో, మేస్త్రి కళ్లు మూసుకుని, తల వెనక్కి వాల్చి, ఇత్తడి తాళాల మీద దబదబా బాదాడు. పిల్లలు ముందు నవ్వారు. తర్వాత పెద్దలు. ఎవరో దీపాలు వేశారు. పాటల మాస్టారు వేదిక ఎక్కి ఆయన రెండు మణికట్లూ పట్టుకుంటే గాని ఆ చేతులు ఆగలేదు.

మేస్త్రి కళ్లు తెరిచి చూశాడు. వందల మొహాలు తన వైపే ఉన్నాయి. కొన్ని నవ్వుతున్నాయి, కొన్ని అసహ్యించుకుంటున్నాయి. అన్ని నోళ్లూ ఒక్కసారే కదులుతుంటే ఏ నోట్లో ఏ మాట ఉందో ఆయన పోల్చుకోలేకపోయాడు.

“తాగొచ్చాడు” అన్నారు వెనకెవరో.

ఇల్లాలు పరుగున వేదిక మెట్లెక్కింది. అందరూ చూస్తుండగానే భర్త చొక్కా పట్టుకుని దగ్గరికి లాక్కుని, ఆయన నోరు వాసన చూసింది. వాసనేమీ లేదు. దాంతో ఆవిడకు ఇంకా భయం వేసింది. ఆయన మాత్రం భార్య ఏం చేసిందో గ్రహించాడు. నోరు గట్టిగా మూసుకుని, మెట్లు దిగి, ఎవరి మొహమూ చూడకుండా బయటికి నడిచాడు.

వాళ్లు ఇంటికి చేరి ఇంకా దీపం వేశారో లేదో పాటల మాస్టారు గుమ్మంలోకి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“మేస్త్రీ, ఇన్నేళ్ల స్నేహం కాబట్టి నేనే వచ్చాను. రేపు పొద్దున పెద్ద ఆరాధన. నువ్వు వద్దు. పెద్దలందరూ ఒకే మాట మీదున్నారు. రేపటికి అమ్మాయి వాయిస్తే బాగుంటుంది.”

మేస్త్రి ఆయన నోటి వైపే చూస్తూ అంతా విని, “సరే” అన్నాడు. అంతే. ఇన్నేళ్లు ప్రాణంలా పట్టుకుని వేలాడిన పీటను, పాత గొడుగు ఎరువిచ్చినట్టు ఇచ్చేశాడు. పాటల మాస్టారు వెళ్లిపోయాక లోపలి గదిలోకి పోయి, గోడ వైపు తిరిగి మంచం అంచున కూర్చుని, వంగి బూట్ల ముళ్లు విప్పసాగాడు.

కూతురు గుమ్మంలో నిలబడింది. అప్పటిదాకా ఆపుకున్నదంతా కట్ట తెంచుకుంది.

“నాన్నా! నా బహుమతి నచ్చకపోతే నచ్చలేదని చెప్పొచ్చుగా! మొహాన కొట్టొచ్చుగా! ప్రార్థన మధ్యలో అలా వాయించి, చూడండి నా కూతురు తెచ్చిన దిక్కుమాలిన పీట అని ఊరందరికీ చూపించాలా? నేనంటే నీకెందుకింత కసి?”

ఆయన ముడి విప్పుతూనే ఉన్నాడు.

“ఇప్పుడు ఆ పీట నాకిచ్చేస్తావా? నవ్వులపాలైన పీట! మంచిగా ఉన్నప్పుడు ఒక్క ఆదివారం అడిగితే ఇవ్వలేదు. ఇటు తిరుగు నాన్నా! మాట్లాడు!”

వీపు కదల్లేదు. ఆ వీపుకు రాయికి ఉన్నంత జాలి కూడా లేనట్టనిపించింది. కూతురు గుమ్మానికి తల కొట్టుకుని ఏడ్చింది.

“ఊరుకోవే పిచ్చిదానా” అంది నాయనమ్మ పక్క మంచం మీంచి. “నువ్వు కూతురివి. నేను కన్నదాన్ని. నాకేం జరిగిందో విను. మొన్న ఛాతీలో పట్టేసినట్టయింది. వాడు ఇటు వీపు పెట్టి చొక్కా తొడుక్కుంటున్నాడు. ఒరేయ్, నేను పోతానేమోరా అన్నాను. నా మాట అయ్యాక ఇటు తిరిగి ‘అలాగేనమ్మా, రేపు తెస్తాలే’ అన్నాడు. ఏం తెస్తాడు, పాడె తెస్తాడా? ఆ పూటంతా కళ్లనీళ్లు పెట్టుకున్నా. ఎవరికీ చెప్పలేదు, కొడుకు పరువు పోతుందని.”

ఇల్లాలు వంటింటి గడప మీద ఉన్నపళంగా ఆగిపోయింది. అత్త మాట, కూతురి ఏడుపు, చీకట్లో ఆగని డ్రమ్ములు, మూడూ ఆవిడ తలలో ఒకదానికొకటి తగిలాయి. ఆయన తన మాటకు ఎప్పుడూ సరైన జవాబే చెప్తాడు. తన మాటకు మాత్రమే. ఎందుకంటే తనది మాట కాదు, కేక.

ఆవిడ అడుగులో అడుగు వేసుకుంటూ భర్త వెనక్కి వెళ్లింది. పెళ్లయ్యాక మొట్టమొదటిసారి గొంతు తగ్గించింది. అది ఎలా తగ్గించాలో తెలియక రెండుసార్లు గుటక వేసింది.

“ఏవండీ” అంది. “ఇల్లు అంటుకుంది. లేవండి.”

మేస్త్రి ఎడమ బూటు విప్పి పక్కన పెట్టాడు. కుడి బూటు ముడి కాస్త బిగుసుకుంది. గోటితో లాగుతున్నాడు.

“ఏవండీ, నేను మిమ్మల్ని వదిలేసి పోతున్నా.”

ముడి ఊడింది. రెండు వట్టి పాదాలూ నేలమీద ఆన్చి, ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. అప్పుడు ఎందుకో వెనక్కి తిరిగి చూస్తే, ముగ్గురు ఆడవాళ్లూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నారు. నాయనమ్మ మంచం దిగి మరీ నిలబడింది. మేస్త్రికి అర్థమైపోయింది. దొంగ దొరికినప్పుడు పెట్టే మొహం ఆయన పెట్టాడు.

“ఎన్నాళ్లయింది?” అని భార్య మామూలు గొంతుతో అరిచింది. పక్కింటి దీపం వెలిగింది.

“అమ్మాయికి పాఠం చెప్పడం మానేసిన ఏడే. అంతకు ముందునుంచే తగ్గుతోందనుకో. సుత్తి పొద్దున్నుంచి, డ్రమ్ములు ఆదివారం. డాక్టరు చూశాడు. లోపలి నరం చచ్చిందట. ఎండిన చెట్టుకు నీళ్లు పోసినట్టే, ఇక చిగురించదన్నాడు.”

“మాకు చెప్పొద్దూ!”

“చెప్తే షెడ్డులో ఉంచుతారా? మొన్న వెనక్కి వచ్చే కారు హారన్ కొడుతూ కొడుతూ నా మోకాలి దాకా వచ్చింది. ఇంకో జానెడైతే నాకే సొట్ట తియ్యాల్సి వచ్చేది. ఆలోచనలో ఉన్నానని అబద్ధం చెప్పా. చర్చిలో మాత్రం బాగానే నడిచింది. లావు తీగల గిటారు స్పీకరు పెట్టె అదే చెక్క మీద ఉంటుంది కదా. అది మోగితే చెక్క వణుకుతుంది. వట్టికాళ్లు ఆన్చి కూర్చుంటే మడమలోకి వస్తుంది, పీటలోంచి నడుంలోకి వస్తుంది. చీకట్లో కూడా తెలిసేది. ఇవాళ…” ఆయన విప్పిన బూట్ల వైపు చూసి ఆగిపోయాడు.

కూతురు అక్కడే కూలబడింది. తాను ఏరికోరి తెచ్చినవి గుర్తొచ్చాయి. నాన్నకు మిగిలిన చెవులు పాదాలైతే, ఎంతో ప్రేమగా, ఎంతో తెలివిగా, వాటిని తనే మూసేసింది.

“మాకు తెలియదు నాన్నా” అంది నేలవైపు చూస్తూ. ఆ మాట వెంటనే తలెత్తి, ఆయన కళ్లలోకి చూస్తూ, పెదాలు కదిలించి మళ్లీ అంది. “మాకు తెలియదు నాన్నా.”

“మీరు తెచ్చినవి మంచివేనే. మంచి డ్రమ్ములవాడికి. వద్దంటే ఎందుకని అడుగుతారు. అడిగితే చెప్పాలి.”

“మరి ఆ రోజు ఎందుకు లేచి వెళ్లిపోయావు? నేను కొత్త వరస వాయిస్తుంటే?”

మేస్త్రి తన చేతులు చూసుకున్నాడు. “నీ చేతులు కదులుతున్నాయి. పుల్లలు గాల్లో తిరుగుతున్నాయి. నా దాకా ఏమీ రాలేదు. దూది మీద కొడుతున్నట్టు ఉంది. అయ్యాక నువ్వు నా మొహంలోకి చూశావు, ఎలా ఉంది నాన్నా అన్నట్టు. బాగుందని చెప్తే అబద్ధం. బాలేదంటే ఇంకా పెద్ద అబద్ధం. డ్రమ్ముల దగ్గర కూర్చుని నేను నీకెప్పుడూ అబద్ధం చెప్పలేదే. అందుకని లేచిపోయా.”

ఆయన వెళ్లి బల్ల మీద పడి ఉన్న పొట్లం తెచ్చి కూతురి ఒళ్లో వేశాడు. “నువ్వు కోపగించుకున్నావని చూశా. ఎందుకో తెలియలేదు. నీ చెవులు నీకుండాలి. నీ వయసులో ఉన్నప్పుడు ఇవి ఎవరూ నాకివ్వలేదు, ఇచ్చినా పెట్టుకునేవాణ్ణి కాదు. నువ్వు నాకంటే మొండిదానివి. అయినా పెట్టుకో.”

కూతురు ఆ బిరడాలను గుప్పిట్లో బిగించి, నాన్న మోకాళ్ల మీద తల పెట్టి ఏడ్చింది. నాయనమ్మ వచ్చి కొడుకు చెవి పట్టుకుంది. చిన్నప్పుడు మెలిపెట్టిన చెవే. ఈసారి మెలిపెట్టలేదు, నిమిరింది.

“నా మాట ఒక్కటైనా వినబడుతుందా?” అంది ఇల్లాలు. అరవాలో వద్దో తెలియక మధ్యలో ఎక్కడో ఆగింది ఆవిడ గొంతు.

“నీదొక్కటే వస్తోందే” అన్నాడు మేస్త్రి. “బావిలోంచి పిలిచినట్టు, దూరంగా. అదీ రోజురోజుకీ లోతుకి పోతోంది. అందుకే నువ్వు అరుస్తుంటే వీధంతా తిట్టుకున్నా నేనెప్పుడూ మెల్లగా మాట్లాడమనలేదు.”

ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం ఎన్నడూ లేదు. ఆ నిశ్శబ్దం ఆయన ఒక్కడికే కొత్త కాదు.

మర్నాడు, క్రిస్మస్ పొద్దున, నలుగురూ కలిసే చర్చికి వెళ్లారు. గుమ్మం దగ్గర పాటల మాస్టారు మొహం తిప్పుకోబోతే మేస్త్రి ఆయన భుజం పట్టుకుని తన వైపు తిప్పుకున్నాడు. ఉన్న సంగతి చెప్పేశాడు. పాటల మాస్టారి గడ్డం వణికింది.

“నిన్న అందరి ముందూ చేతులు పట్టుకుని ఆపాను. ఇవాళ అందరి ముందూ నేనే చెప్తాను మేస్త్రీ.”

“వద్దు మాస్టారూ. తాగుబోతని తిడితే ఇంటికెళ్లి పడుకుంటా. అయ్యో పాపం అని జాలిపడితే నిద్ర పట్టదు. ఒక్కటి చెయ్యండి. అమ్మాయి వాయిస్తుంటే వేదిక మీద కాస్త చోటివ్వండి.”

తివాచీ ఎవరు తీసేశారో గాని అప్పటికే చుట్టచుట్టి మూలన ఉంది. కూతురు డ్రమ్ముల ముందు కూర్చుంది. మేస్త్రి చెక్క మీద కాళ్లు చాపుకుని, పెద్ద డ్రమ్ము పక్కకు వీపు ఆనించి కూర్చున్నాడు. ముందు వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి. నిన్న నవ్వినవాళ్లు ఇవాళ కూడా నవ్వడానికి సిద్ధపడ్డారు. ఆయన వాళ్లను చూడలేదు. కళ్లు మూసుకున్నాడు.

కూతురు మొదలుపెట్టింది. మొదటి దెబ్బకు మేస్త్రి వీపు ఉలిక్కిపడింది. ఎవరో లోపలినుంచి తలుపు తట్టినట్టు. తర్వాత ఆయన భుజాలు మెల్లగా కదలసాగాయి. పాట సాగేకొద్దీ ఆ మొహం ఎలా మారిందో చెప్పడం కష్టం. దారి తప్పినవాడికి వీధి మలుపులో తన ఇంటి దీపం కనబడినట్టుంది. కూతురు పాట పొడుగునా ఆ వీపునే చూస్తూ వాయించింది. జనం ఉన్నారని మరిచిపోయింది. ఎక్కడ ఆ వీపు బిగుసుకుంటే అక్కడ సరిదిద్దుకుంది, ఎక్కడ సడలితే అక్కడ ధైర్యం తెచ్చుకుంది. ఇన్నేళ్లూ అడిగిన పాఠం, నోరు విప్పకుండా, ఒక్క పాటలో జరిగిపోయింది.

పాట ముగిసింది. వీపు వెనక డ్రమ్ము వణుకు ఆగిందని తెలిసి మేస్త్రి లేచి, వేదిక దిగి, మొదటి వరసలో భార్యకూ తల్లికీ మధ్య కూర్చున్నాడు. పాస్టరుగారు మౌన ప్రార్థన అన్నారు. చర్చి మొత్తం తలలు వంచింది. సూది పడితే వినబడేంత నిశ్శబ్దం.

మేస్త్రి భార్య చెవి దగ్గరికి వంగాడు. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. తన గొంతు ఎంత పైకి వస్తుందో కొలిచే చెవి ఆయనకిప్పుడు లేదు. గుసగుసలాడుతున్నాననే అనుకున్నాడు. ఆ గుసగుస వెనక గోడకు తగిలి, పై కప్పు దాకా వెళ్లి వచ్చింది.

“ఏమే! అది నాకంటే బాగా వాయిస్తోందే! మధ్యలో కాస్త తొందరపడింది గాని, నాకంటే బాగా! చెయ్యి ఎంత శుభ్రంగా ఉందో! ఈ మాట దానికి చెప్పకు, తలకెక్కుతుంది!”

ఎవరూ నవ్వలేదు. పాస్టరుగారు తల ఎత్తి, మళ్లీ వంచుకున్నారు. పాటల మాస్టారు కళ్లు తుడుచుకున్నాడు. వేదిక మీద కూతురు పుల్లలు రెండూ గుండెకు హత్తుకుని, డ్రమ్ము మీదికి వంగిపోయి, భుజాలు ఎగిరెగిరి పడేలా ఏడుస్తోంది. ఇల్లాలు భర్త చెయ్యి పట్టుకుని, చెప్పనని తలూపింది.

ఆ నిశ్శబ్దంలో నాయనమ్మ దోమ గొంతు అందరికీ స్పష్టంగా వినబడింది.

“ఆమెన్.”